గాలివాటుకి వదిలేస్తే: లాఖ్ కారిబ్‌లో మూడు రోజుల ట్రౌట్ వేట, నా అనుభవం

ఐర్లండ్ పడమటి వైపు, గాల్వే జిల్లాలో లాఖ్ కారిబ్ అనే సరస్సు ఉంది. వైశాల్యం సుమారు 176 చదరపు కిలోమీటర్లు. అందులో మొన్న మే 17, 18, 19 తేదీల్లో ఇద్దరం బ్రౌన్ ట్రౌట్ అనే చేప కోసం పడవ మీద గడిపాం. మూడు రోజుల్లో మూడు రకాల గాలి చూశాం. మొదటిరోజు విరుచుకుపడింది, రెండోరోజు కావలసినంతే వీచింది, మూడోరోజు మధ్యలో ప్రాణం వదిలేసింది. ఏ గాలికి ఏం చేయాలో, ఏం చేస్తే చెడుతుందో వరసగా రాస్తున్నాను.

వెళ్లేముందు మేం సాధన చేసిందంతా ఫ్లై విసరడమే. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, ఉన్ని చుట్టి పురుగులా కట్టిన గాలం. పచ్చిక మీద పాతిక గజాల దాకా విసరడం అలవాటు చేసుకున్నాం. సరస్సు మీదికి వెళ్లాక పది గజాలకి మించి విసరాల్సిన పనే పడలేదు. పనిలో ముప్పాతిక వంతు పడవదే. 'గాలివాటం మనిషి' అని మనం ఎద్దేవాగా అంటాం గానీ, ఇక్కడ గాలివాటమే విద్య. ఇంజిన్ ఆపేసి, పడవని గాలికి అడ్డంగా వదిలి, అది కొట్టుకుపోయే వైపు చూస్తూ కూర్చుని ముందున్న నీళ్లని వెతకాలి. ఆ పోవడం ఎంత వేగంగా, ఏ లోతు మీదుగా, ఏ కోణంలో అన్నది చేతిలో ఉంటే చేప దొరుకుతుంది. లేకపోతే ఎంత బాగా విసిరినా దండగే.

పడవ కోసం ఫిబ్రవరి రెండో వారంలోనే మాట్లాడుకున్నాం. అప్పటికే మే మూడో వారంలో మూడు రోజులే ఖాళీ. మే మధ్య నుంచి జూన్ మొదటి రోజుల దాకా సరస్సు అడుగు నుంచి మేఫ్లై అనే పెద్ద రెక్కల పురుగు లేస్తుంది. దాని కోసం ట్రౌట్ పైకి వస్తుంది, దానికోసం మనుషులు సరస్సు ఒడ్డునున్న ఊటరార్డ్ ఊరికి వస్తారు. ఆ వారాల్లో పడవ నడిపే పెద్దవాళ్లకి తీరికుండదు. మాకు దొరికిన పెద్దాయన మొదటి రెండు రోజులకే ఒప్పుకున్నారు. రోజుకి 180 యూరోలు, ఇద్దరికీ కలిపి, పెట్రోలు ఆయనదే. మూడోరోజు ఉత్త పడవ, ఇంజిన్ 80 యూరోలకి తీసుకుని మేమే నడుపుకున్నాం. అలా విడదీయడమే మంచిదైంది. మొదటి రెండు రోజులు పక్కన తెలిసినవాడు లేకుండా ఈ సరస్సులోకి దిగకూడదు. నీటికి అరడుగు కింద సున్నపురాతి గుట్టలుంటాయి. ఒక నిమిషం ముప్పై అడుగుల లోతు, మరుసటి నిమిషం మోకాటి లోతు.

లైసెన్సు సంగతి చాలామంది అడుగుతారు. బ్రౌన్ ట్రౌట్‌కి ఐర్లండ్‌లో ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. సాల్మన్, సీ ట్రౌట్ పట్టాలంటే మాత్రం కావాలి. కారిబ్‌లో ట్రౌట్ వేటకి రుసుమూ లేదు. కానీ కొలత ఉంది. 13 అంగుళాల లోపు చేపని వదిలేయాలి. మనిషికి రోజుకి నాలుగు మించకూడదు. వేట కాలం ఫిబ్రవరి 15 నుంచి సెప్టెంబరు 30 దాకా. కొలిచే గీతలు పడవ బల్ల మీదే చెక్కి ఉన్నాయి, టేపు తీసుకెళ్లనక్కర్లేకపోయింది.

ఇక కర్ర. 11 అడుగుల పొడవు, 7వ నంబరు లైనుకి, అంటే ఫ్లైని మోసుకెళ్లే లావుపాటి దారానికి, సరిపోయేది. ఏరు మీద వాడే 9 అడుగుల కర్ర ఇక్కడ పొట్టిదైపోతుంది. పడవలో కూర్చునే విసరాలి గనక లైను తలకి తగలకుండా పోవడానికి, చివర్లో పై ఫ్లైని నీటి మీద ఆడించడానికి ఆ రెండడుగులూ కావాలి. తేలే లైను ఒకటి, నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియట్ లైను ఒకటి. లైను చివర ఫ్లైలు కట్టే లీడర్‌కి 8 పౌండ్ల బరువు ఆపే తీగ. లైను నుంచి మొదటి డ్రాపర్ దాకా 5 అడుగులు, అక్కడి నుంచి రెండో డ్రాపర్‌కి నాలుగున్నర, అక్కడి నుంచి చివరి ఫ్లైకి నాలుగున్నర. మొత్తం 14. డ్రాపర్ అంటే ఫ్లై కట్టడానికి అసలు తీగ నుంచి పక్కకి వేలాడే తీగ కొమ్మ, అయిదారంగుళాలు చాలు. అంతకంటే పొడుగైతే గాలికి అసలు తీగ చుట్టూ మెలేసుకుంటుంది.

ఈ కొలతల్లో ఒక కిటుకుంది. పై డ్రాపర్ నుంచి చివరి ఫ్లై దాకా దూరం కర్ర పొడవుకంటే తక్కువ ఉండాలి. చేప చివరి ఫ్లైకి తగిలితే, లైను లాగుతూ లాగుతూ పై ఫ్లై కర్ర కొసన ఉంగరానికి తట్టుకుంటుంది. ఆపైన ఒక్క అంగుళం కూడా చుట్టలేం. అక్కడి నుంచి చేప దాకా 9 అడుగులే ఉంటే 11 అడుగుల కర్ర వెనక్కి వంచి చేతి వల అందించొచ్చు. 12 అడుగులుంటే చేప ఎదురుగా ఉండి కూడా అందదు. మాలో ఒకరి లీడర్ బజారులో కట్టి అమ్మినది, ఫ్లైల మధ్య ఆరేసి అడుగులు. మొదటిరోజే ఈ బాధ పడ్డాక విప్పి మళ్లీ కట్టుకున్నాం.

మూడు ఫ్లైలకీ మూడు పనులు. పైదానికి గుబురుగా ఈకలుండాలి. గోల్డెన్ ఆలివ్ బంబుల్ గానీ క్లారెట్ బంబుల్ గానీ, 10వ నంబరు కొక్కెం. అది అల మీద గీతలు గీసి చేపని పిలుస్తుంది. మధ్యలో బిబియో. నలుపు, నడుమ ఎర్ర పట్టీ. చివర సన్నగా, కాస్త బరువుగా ఉండేది. అది లంగరులా కిందికి లాగి మిగతా రెంటినీ చిక్కుపడకుండా తిన్నగా ఉంచుతుంది. బరువైనది పైన కట్టి, తేలికది కింద కడితే గాలిలో మూడూ కలిసి జడ అల్లుకుంటాయి. మేఫ్లై లేచే వేళకి గోస్లింగ్, గ్రీన్ డాబ్లర్ కూడా పెట్టెలో ఉండాలి. గాలి గట్టిగా ఉన్నప్పుడు మధ్య ఫ్లై తీసేసి రెంటితోనే వేయడం తెలివైన పని. చిక్కులు సగానికి తగ్గాయి, చేపలు తగ్గలేదు.

ఎవరూ చెప్పని సంగతి కూర్చునే చోటు. పద్దెనిమిది అడుగుల చెక్క పడవలో అడ్డబల్ల మీద ఎనిమిది గంటలు, అల అల్లాడిస్తుంటే. మొదటిరోజు సాయంత్రానికి నడుము లేవలేదు. రెండోరోజు నుంచి రెండు అడ్డబల్లల మీద వెడల్పు పలక వేసి, దాని మీద మందపాటి నురుగు దిండు వేసుకున్నాం. ఎత్తూ పెరిగింది, మోకాళ్లకి ఊరటా దొరికింది. పైన కిందా వాననీరు ఇంకని దుస్తులు మే నెలైనా కావాలి. పడవలో లేచి నిలబడి విసరకూడదు, ఒక్కసారి కూడా. ఏడు మీటర్ల లోపు పడవలో లైఫ్‌జాకెట్ తొడుక్కుని ఉండడం ఐర్లండ్‌లో చట్టం. టోపీ, కళ్లద్దాలు చట్టం కాకపోయినా తప్పనిసరి. పక్కవాడి కొక్కెం గాలికి ఎటు వస్తుందో వాడికే తెలియదు.

మే 17

ఉదయం ఏడింటికి వాతావరణ సూచన చూస్తే నైరుతి గాలి, గంటకి 40 కిలోమీటర్లు, ఉండుండి వచ్చే విసురు 60. నైరుతి అంటే మనకి రుతుపవనం, ఏడాదిలో నాలుగు నెలల చుట్టం. ఇక్కడ ఏడాది పొడుగునా ఇంటిమనిషి. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే బోఫర్ట్ లెక్కలో 39 దాటితే ఆరు. ఆరులో ఈ పడవలు కదలవు. నాలుగు, అంటే 20 నుంచి 28 కిలోమీటర్లు, వేటకి మేలైన గాలి. అయిదు చేయి తిరిగినవాళ్లకి. సూచనలో సగటు గాలి ఒక్కటే చూసి బయల్దేరితే మోసపోతాం. విసురెంతో చూడాలి, పడవని బోల్తా కొట్టించేది అదే.

రేవులో పదింటి నుంచి రెండున్నర దాకా, నాలుగున్నర గంటలు ఆగాం. రెండున్నరకి గాలి 32కి దిగాక పెద్దాయన తలూపారు. అదీ నడి సరస్సులోకి కాదు, ఒడ్డు చాటున్న దీవుల వెనక్కి.

మొదటి తప్పు అక్కడే చేశాం. చాటున గాలి తక్కువే అనిపించి, పడవ వేగం తగ్గించే డ్రోగ్ వేయనక్కర్లేదన్నాం. పెద్దాయన ఏమీ అనలేదు, చూడనిచ్చారు. అరగంట విసిరాం. ఒక్క చేప కూడా కదల్లేదు. తర్వాత ఫోనులో దారి చూస్తే 400 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో దాటేశాం. పడవ మన ఫ్లైల వైపే పరిగెడుతోంది. మనం లైను లాగే వేగం, పడవ ముందుకు పోయే వేగం ఒకటైతే ఫ్లై నీటిలో కదలదు, అక్కడే వదులుగా తేలుతుంది. చేప నోట కరిచి ఉమ్మేసినా చేతికి తెలియదు.

డ్రోగ్ అంటే నీటిలో తెరుచుకునే గొడుగు. నాలుగడుగుల చదరపు గుడ్డ, నాలుగు మూలలకి తాళ్లు, అన్నీ కలిసి ఒక తాడు. దాన్ని గాలి వచ్చే వైపు, పడవ నడుమకి ఇనుప బిగింపుతో కట్టాలి. నీటిలోకి జారవిడిస్తే నిండుకుని పడవని వెనక్కి పట్టి ఉంచుతుంది. అదే 400 మీటర్లకి ఈసారి పదిహేడు నిమిషాలు పట్టింది. ఆ బిగింపుని నడుమ నుంచి ఒక జానెడు ముందుకి జరిపితే పడవ ఒక కోణంలో, వెనక్కి జరిపితే ఇంకో కోణంలో పోతుంది. ఒడ్డుకి సమాంతరంగా, ఆరేడు అడుగుల లోతు గీత వెంట పోవాలంటే ఈ జానెడే చుక్కాని. అయితే పెద్ద అలల్లో డ్రోగ్‌ని పడవ వెనక కొసకి ఎప్పుడూ కట్టకూడదు. వెనక భాగం గాలికి ఎదురు తిరుగుతుంది. అక్కడ ఎత్తు తక్కువ, ఇంజిన్ బరువు ఎక్కువ, అల నేరుగా లోపలికి వచ్చేస్తుంది.

ఇంకో రెండు మాటలు డ్రోగ్ గురించే. ఇంజిన్ తాడు లాగేముందు డ్రోగ్ పూర్తిగా పైకి తీశామా లేదా అని నోరు తెరిచి అడగాలి. తాడు పంకాకి చుట్టుకుంటే, ఆ గాలిలో రాళ్ల మీదికి పోతూ విప్పుకోవాలి. మాకు ఒక్కసారి అంచుదాకా వచ్చింది. రెండోది, మూడడుగుల లోతు గుట్టల మీద డ్రోగ్ అడుగున పట్టేసుకుంటుంది, పడవ ఒక్కసారిగా ఆగి పక్కకి వాలుతుంది. నీటి రంగు ముదురు నుంచి లేత పసుపుకి మారుతుంటే ముందే లాగేసుకోవాలి. మాది 42 యూరోలకి కొన్నాం. నడిబొడ్డుకి కట్టే సన్నతాడు, అంటే దాన్ని ముడుచుకునేలా లాగే తాడు, ఉన్నదే తీసుకోండి. అది లేనిది పది యూరోలు చవక, కానీ నీళ్లు నిండిన గుడ్డని గాలికి ఎదురు లాగడం బావిలోంచి నిండు గంగాళం చేదడమే.

అయిదూ పదికి, అంటే బయల్దేరిన రెండు గంటల నలభై నిమిషాలకి మొదటి చేప. 14 అంగుళాలు. క్లారెట్ బంబుల్ మీద. ఆరింటికి గాలి మళ్లీ పెరిగితే తిరుగుముఖం పట్టాం. ఎదురుగాలిలో వచ్చేటప్పుడు అలని ముక్కుతో నేరుగా గుద్దకుండా ఏటవాలుగా, నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ నడిపారు. కిలోమీటరున్నరకి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో తడిసినంత రోజంతా తడవలేదు. దుస్తుల పై గుండీ ముందే పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

మే 18

నైరుతి గాలే, 22 నుంచి 26 కిలోమీటర్లు. మబ్బు పల్చగా. అల మీద అక్కడక్కడ తెల్లటి నురగ, అంతకు మించి లేదు. తొమ్మిదింటికే నీటి మీద ఉన్నాం.

గాలి ఎందుకు కావాలంటే, నిశ్చలంగా ఉన్న సరస్సులో ట్రౌట్‌కి పడవ, మనిషి, తీగ అన్నీ కనిపిస్తాయి. అల లేస్తే వెలుగు ముక్కలైపోతుంది, చేపకి ధైర్యం వస్తుంది. నాలుగడుగుల లోతు మీద కూడా పైకి వచ్చి తింటుంది. పైగా గాలి పురుగుల్ని ఒక చోటికి తోస్తుంది. నీటి మీద గాలి పోయే దిక్కునే సన్నటి నున్నని దారులు పడతాయి, పక్కన అంతా గరుకుగా ఉంటే ఆ చార మాత్రం నూనె పోసినట్టు ఉంటుంది. వాటి అంచుల్లో నురగ, చచ్చిన పురుగులు చేరతాయి. గాలి వెళ్లి తగిలే ఒడ్డున మేత ఎక్కువే. కానీ అలలు ఎక్కువసేపు కొడితే అక్కడి నీళ్లు బురదగా తెల్లబడతాయి. అందులోకి వెళ్లకూడదు. ఆ తెల్లనీళ్లు, మామూలు నీళ్లు కలిసే గీత మీద వేయాలి. మధ్యాహ్నం దాకా మాకు తగిలిన వాటిలో చాలావరకు ఆ గీత మీదే.

విసరడం ఇలా. గాలి వీపు మీద ఉంటుంది గనక ముందుకి దానంతట అదే పోతుంది. కష్టం వెనక్కి తీయడంలో ఉంది, గాలికి ఎదురు కదా. లైను వెనక్కి పూర్తిగా చాచుకోకముందే ముందుకి కొడితే మూడు ఫ్లైలూ ముద్ద. వెనక్కి గట్టిగా, పైకి తీయాలి. ముందుకి మెత్తగా వదలాలి. విసురుగాలి వస్తే చేయి ఆపి, అది దాటాక వేయాలి. పది గజాలు. నీటిలో పడగానే లాగడం మొదలుపెట్టాలి, ఆలస్యం వద్దు, ఎందుకంటే పడవ అప్పటికే ముందుకి జరిగింది. ఒక్కో లాగు అడుగు మేర. ఇరవై సెకన్లలో కర్ర ఎత్తుతూ పోయి, చివర్లో పై ఫ్లైని అల మీద అయిదారు సెకన్లు ఆడించి అప్పుడు తీయాలి. కొత్తవాళ్లు ఆ చివరి అయిదు సెకన్లు మానేస్తారు. మాకు ఆరోజు తగిలిన అయిదింటిలో మూడు ఆ చివర్లోనే, పడవకి రెండు గజాల్లో.

గాలి వీచే సరస్సులో ట్రౌట్ గాలికి ఎదురుగా ఈదుతూ తింటుంది. అంటే మన వైపే వస్తుంది. పన్నెండు గజాల దూరంలో వలయం కనిపిస్తే మనసు అక్కడికే విసరమంటుంది. అప్పటికి అది అక్కడ ఉండదు. మనకి ఇవతలగా, రెండు మూడు గజాలు దగ్గరగా వేయాలి. ఈ ఒక్క సంగతి మాకు తలకెక్కేసరికి పొద్దున పదకొండయింది. అప్పటిదాకా ఆరు వలయాల మీదికి నేరుగా వేసి ఆరింటినీ పోగొట్టుకున్నాం.

చేప తగిలాక కూడా పడవ ఆగదు, దాని మీదికే పోతుంది. లైను వదులు కాకుండా గబగబా లాగుతూ ఉండాలి. అది పడవ కిందికి దూరితే కర్ర కొస నీళ్లలో ముంచి, పడవ కొసని చుట్టి అవతలికి తిప్పాలి. పడవ అంచుకి తీగ రాసుకుంటే తెగినట్టే. రెండోవాడు తన లైను వెంటనే చుట్టేయాలి, డ్రోగ్ సన్నతాడు లాగి ముడిచేయాలి. మాకు ఒక మంచి చేప, రెండు పౌండ్లు ఉండొచ్చు, డ్రోగ్ తాడు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి పోయింది. డ్రాపర్ తాడుకి గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది.

చిక్కుపడిన ప్రతిసారీ తీగని రెండు వేళ్ల మధ్య పోనిచ్చి చూసుకోవాలి. గాలికి తనంతట తనే పడే చిన్న ముడి, ఆవగింజంత. అది ఉంటే తీగ బలం సగం పోతుంది. విప్పుతూ కూర్చోకుండా తెంచి కొత్తది కట్టడమే. రోజుకి మూడు ఫ్లైల లీడర్లు నాలుగు, ముందు రాత్రే కట్టి అట్టముక్కకి చుట్టి ఉంచుకుంటే, కెరటాల మీద చేతులు వణుకుతుంటే ముడులు వేసే పని తప్పుతుంది.

ఒక గాలివాటు పూర్తయ్యాక మళ్లీ పైకి వెళ్లేటప్పుడు వచ్చిన దారినే ఇంజినుతో పోకూడదు. దూరంగా చుట్టి రావాలి. ఆ నీళ్లలో ఇంకా చేపలున్నాయి, మన వెనకాల వచ్చే పడవ కూడా ఉంది. ఇక్కడివాళ్లు దేనికీ కోప్పడరు, దీనికి మాత్రం కోప్పడతారు.

ఒంటిగంటకి ఇంచగోయిల్ దీవిలో ఆగి భోజనం. గోడల మధ్య నీళ్లు, మధ్యలో పుల్లల మంట ఉండే కెటిల్‌లో గాలి ఎంత ఉంటే నీళ్లు అంత తొందరగా కాగాయి, నాలుగైదు నిమిషాలే. సాయంత్రానికి లెక్క: పైకి లేచినవి పదకొండు, తగిలినవి అయిదు, చేతికి వచ్చినవి నాలుగు, అందులో 13 అంగుళాలు దాటినవి మూడు.

మే 19

ఈరోజు పడవా మాదే, తప్పూ మాదే. మార్గం చూపే స్తంభాల మధ్యనే వెళ్లి, రెండు రోజులుగా తెలిసిన దీవుల దగ్గరే ఉన్నాం. ఉదయం గాలి 18.

ఈ గాలికి పనికొచ్చే పాత పద్ధతి డాపింగ్. బతికున్న మేఫ్లైలని గాలంకి గుచ్చి, గాలి మోసే దారంతో నీటి మీద ఆడించడం. పదిహేనడుగుల కర్ర, 15 యూరోలకి అద్దెకి. కర్ర నుంచి ఆరడుగుల ఫ్లాస్, అంటే పేటలు విడి గాలిలో తేలే పట్టుదారం లాంటిది. దాని కొసన నాలుగడుగుల తీగ, 10వ నంబరు కొక్కెం. కొక్కేనికి రెండు మేఫ్లైలు. పురుగుల కోసం దీవికి గాలి తగలని వైపు పొదల ఆకుల కింద వెతకాలి. ఎనిమిదిన్నర నుంచి గంట వెతికితే ముప్పై దొరికాయి. రెక్కలు పట్టుకుని తీయాలి, ఒళ్లు పట్టుకుంటే చిదిగిపోతుంది. గాలాడే చెక్కపెట్టెలో తడి గడ్డి వేసి నీడన ఉంచాం. ఎండలో అరగంట మరిచిపోతే అన్నీ చచ్చాయి, మళ్లీ వెతుక్కున్నాం.

కర్ర నిలువుగా పట్టి ఫ్లాస్‌ని గాలికి వదిలితే విల్లులా వంగి ముందుకి పోతుంది. అప్పుడు కర్ర నెమ్మదిగా దించుతూ పురుగు మాత్రమే నీటిని తాకేలా ఉంచాలి. తీగ నీటిలో పడకూడదు, ఫ్లాస్ అసలే తడవకూడదు. తడిస్తే ఎగరదు. అందుకే వాన పడితే ఈ వేట అయిపోయినట్టే. జేబులో పొడిగా ఇంకో రెండు ముక్కలు ఉంచుకోవాలి, మేం ఒకటే తీసుకెళ్లి గంటసేపు దాన్ని చొక్కా లోపల ఆరబెట్టుకున్నాం.

అసలు పరీక్ష చేప వచ్చాక. కళ్ల ముందే ట్రౌట్ తల ఎత్తి పురుగుని మింగుతుంది. చేయి దానంతట అదే కర్ర ఎగరేస్తుంది. చేప నోరు మూయకముందే కొక్కెం బయటికి వచ్చేస్తుంది. మొదటి నాలుగింటినీ అలాగే పోగొట్టుకున్నాం, ఒకదాని తర్వాత ఒకటి, కడుపు మండేలా. ఈ వేటలో చేప తీసుకోగానే కర్ర కిందికి దించాలి, ఎత్తకూడదు. అది కిందికి తిరిగేదాకా ఆగాలి. అయిదోదానికి మనసులో మూడుసార్లు గోవిందా అనుకుని అప్పుడు ఎత్తాం. గట్టిగా తగిలింది. 16 అంగుళాలు, మూడు రోజుల్లో పెద్దది. గోదావరి కాలువల్లో బెండు మునిగీ మునగ్గానే లాగే అలవాటున్నవాళ్లకి ఈ ఆగడం బాగా కష్టం.

పన్నెండున్నరకి గాలి పడిపోయింది. సరస్సు అద్దం. ఫ్లాస్ కర్రకి అంటుకుని వేలాడుతోంది. తడి ఫ్లైలు, అంటే నిన్నటిదాకా వేసిన నీటిలో మునిగేవి, వేస్తే చేపలు కనబడతాయి గానీ రావు. ఇక్కడ చాలామంది ఇంటికి పోతారు. మేం రెండు గంటలు వృథాగా విసిరి, అయిదు గంటలు దీవిలో పడుకున్నాం. చేయాల్సింది ఆ పడుకోవడమే. గుడ్లు పెట్టడానికి ఆడ మేఫ్లైలు సాయంత్రం మళ్లీ నీటి మీదికి వస్తాయి, గుడ్లు వదిలి రెక్కలు చాపి పడిపోతాయి. ఎనిమిదింటికి చిరుగాలి, గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు, దీవి చెట్ల మీంచి వాటిని బయటికి మోసుకొచ్చింది. చెట్ల చాటున, నున్నటి నీరు గరుకు నీటిని తాకే చోట చేపలు వరసగా లేచాయి. ఒకే ఫ్లై, తేలేది, రెక్కలు అడ్డంగా కట్టినది. తడి ఫ్లైలకి చెప్పినట్టే చేప వచ్చే దారికి ముందు వేయాలి, కానీ ఇక్కడ లాగకుండా వదిలేయాలి. ఒకటిన్నర గంటలో మూడు తగిలాయి, రెండు వచ్చాయి. ఒకటి 12 అంగుళాలు, వదిలేశాం.

లెక్కలు: పెద్దాయనకి 360, పడవ 80, మూడోరోజు పెట్రోలు 18, డ్రోగ్ 42, డాపింగ్ కర్ర 15, పద్దెనిమిది ఫ్లైలు 36. మొత్తం 551 యూరోలు, ఇద్దరికి, బస తిండి కాక. ఫ్లైల్లో పదకొండు తిరిగి వచ్చాయి. మాతో వచ్చిన చేపలు అయిదు. ఈ ట్రౌట్ కండ లేత నారింజ రంగులో ఉంటుంది, పులుసుకి ఆగదు, పెనం మీద ఉప్పు కారం వేయించడమే.

తిరిగొచ్చాక ఒక పని మిగిలింది. కారిబ్‌లో జీబ్రా మస్సెల్ అనే చిన్న గవ్వపురుగు చేరి ఉంది, లాగరోసైఫాన్ అనే కలుపు మొక్క కూడా. తడి తాడులోనో వల అల్లికలోనో కూర్చుని ఇంకో చెరువుకి వెళ్లిపోతాయి. డ్రోగ్, తాళ్లు, చేతి వల, బూట్లు వేడినీళ్లతో కడిగి, రెండు పూర్తి రోజులు ఆరేయాలి. డ్రోగ్ అంచు కుట్టులోపల నీళ్లు నిలుస్తాయి, బయట పొడిగా కనిపించినా. దాన్ని తిరగేసి ఆరేశాం. మూడోరోజు పొద్దునకి గానీ ఆరలేదు.